మానని పుండు, పేగులోని ఇరుగుపొరుగు

క్యాన్సర్ అనే మాట ఊళ్లలోకి రాకముందు తెలుగువాళ్లు ఆ జబ్బును రాచపుండు అన్నారు. పుండు అన్నాక మానాలి. మందు పూసినా, కట్టు కట్టినా, నెలలు గడిచినా మానకుండా లోలోపలికి తొలుచుకుపోయేదాన్ని మామూలు పుండ్లతో కలపలేక దానికి వేరే పేరు పెట్టుకున్నారు. 1986లో హెరాల్డ్ డ్వొరాక్ అనే అమెరికన్ పాథాలజిస్టు తన వ్యాసానికి పెట్టిన పేరు కూడా ఇదే అర్థం ఇస్తుంది: కణితులంటే మానని పుండ్లు. గాయం మానేటప్పుడు కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, కణాలు గబగబా విభజన చెందుతాయి, చుట్టూ కొత్త కండ అల్లుకుంటుంది. కణితిలోనూ ఇవే పనులు జరుగుతాయి. గాయంలో అవి ఒక రోజుకు ఆగుతాయి, కణితిలో ఆగవు. అంతకు నూట ఇరవై ఏళ్ల ముందే, 1863లో, జర్మనీలో రుడాల్ఫ్ విర్కో కణితి ముక్కల్లో తెల్ల రక్తకణాలు గుమిగూడి ఉండటం చూశాడు. ఎడతెగని రాపిడి ఉన్నచోట క్యాన్సర్ పుడుతుందని ఊహించాడు.

ఈ ఊహకు ఉదాహరణ మన ఇళ్ల మధ్యే ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అడ్డపొగ అలవాటు ఉండేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చేవారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లను పరీక్షించిన అధ్యయనం ఒకటి 1971లో అచ్చయింది. మామూలుగా పొగతాగేవాళ్లలో అరుదుగా కనిపించే అంగిటి క్యాన్సర్ ఈ ప్రాంతంలో ఎందుకు కనిపిస్తోందో అలాంటి అధ్యయనాల వల్లే తేలింది. రోజూ కాలి, రోజూ మానబోయి, మళ్లీ కాలే పొర అది. పొగాకులోని విషాలూ అక్కడే పడతాయి కాబట్టి నేరమంతా వేడిదేనని చెప్పలేం. ఈ చిక్కును ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. రాపిడి ఒక్కటేనా, రాపిడితో పాటు వచ్చిన ఇంకేదైనా ఉందా అన్న ప్రశ్న ఈ వ్యాసం పొడవునా వెంట వస్తుంది.

ఇన్‌ఫ్లమేషన్‌కు మనం వాడే మాట వాపు. మంట అనీ అంటాం. రెండూ దాన్ని సగం సగం చెబుతాయి. వేలు తెగితే ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నొప్పెడుతుంది. తెల్ల రక్తకణాలు పరుగెత్తుకొచ్చి, సూక్ష్మజీవుల్ని చంపడానికి ఘాటైన రసాయనాలు చిమ్ముతాయి. నాలుగు రోజుల్లో పని ముగించి వెళ్లిపోతాయి. ఇది లేకపోతే చిన్న గీత పడినా బతకం. ప్రమాదమంతా వెళ్లకుండా ఉండిపోయే వాపుతోనే. అది పైకి కనిపించదు, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. కడుపు లోపలి పొరలో, కాలేయంలో, పేగు గోడలో ఏళ్ల తరబడి సన్నగా రాజుకుంటూ ఉంటుంది. సూక్ష్మజీవుల కోసం చిమ్మిన రసాయనాలు పక్కనున్న మన కణాల డీఎన్‌ఏ మీదా పడతాయి. చచ్చిన కణాల బదులు కొత్తవి పుట్టాలి, పుట్టాలంటే డీఎన్‌ఏను మళ్లీ మళ్లీ నకలు తీయాలి. నకలు తీసినప్పుడల్లా తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. దానికి తోడు, వాపు పంపే సంకేతాలు తప్పు దొర్లిన కణాన్ని కూడా చావనివ్వవు.

ఈ చివరి మాటకు సాక్ష్యం 2004లో వచ్చింది. కాలిఫోర్నియాలో మైకెల్ కారిన్ బృందం ఎలుకల పెద్దపేగులో వాపు పుట్టించి, దానివల్ల వచ్చే కణితుల్ని లెక్కపెట్టింది. వాపుకు మీటలాంటి ఎన్‌ఎఫ్ కప్పా బి అనే వ్యవస్థను పేగు గోడ కణాల్లో మాత్రమే ఆపేస్తే వాపు ఏమాత్రం తగ్గలేదు, కణితులు మాత్రం ఇంచుమించు ఐదో వంతుకు పడిపోయాయి. దెబ్బతిన్న కణాలు బతికిపోవడం మానేసి చచ్చిపోయాయి, అంతే. అదే మీటను తెల్ల రక్తకణాల్లో ఆపేస్తే కణితులు చిన్నవిగా మిగిలిపోయాయి. అంటే ఒకే మీట ఒకచోట కణితి పుట్టుకను, ఇంకోచోట దాని పెరుగుదలను నడుపుతోంది. 2011లో హనహాన్, వైన్‌బర్గ్‌లు క్యాన్సర్ లక్షణాలపై తమ ప్రసిద్ధ వ్యాసాన్ని తిరగరాసినప్పుడు కణితిని పెంచే వాపును అందులో చేర్చారు. 2022లో హనహాన్ మరో అంశం చేర్చాడు: మన ఒంట్లో కాపురముండే సూక్ష్మజీవులు.

సూక్ష్మజీవి పేరు వినగానే నేరం మోపడానికి తొందరపడకూడదని వైద్యశాస్త్రం ఒక చేదు అనుభవంతో నేర్చుకుంది. డెన్మార్క్‌కు చెందిన యోహన్నెస్ ఫిబిగర్ ఎలుకల కడుపులో ఒక నులిపురుగు క్యాన్సర్ పుట్టిస్తుందని చూపించి 1926 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్నాడు. తర్వాతి పరిశోధకులు ఆ పని మళ్లీ చేసి చూస్తే అది నిలబడలేదు. ఆ ఎలుకల తిండిలో విటమిన్ ఏ కొరత ఉందని, ఆయన క్యాన్సర్ అనుకున్నవాటిలో చాలావరకు క్యాన్సరే కావని తేలింది. ఆ దెబ్బతో కొన్ని దశాబ్దాల పాటు క్యాన్సర్‌కు సూక్ష్మజీవులు కారణం అనేవాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఈ రంగంలో ఏ వార్త చదివినా నేను ముందు ఒకే ప్రశ్న అడుగుతాను. ఆ సూక్ష్మజీవిని తీసేస్తే క్యాన్సర్ తగ్గిందా? దొంగ ఇంట్లో దొరికాడన్నది ఒక సంగతి, వాడు వెళ్లిపోయాక దొంగతనాలు ఆగాయన్నది ఇంకో సంగతి.

ఈ పరీక్షకు అందరికన్నా గట్టిగా నిలబడింది హెలికోబాక్టర్ పైలోరి. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని పుస్తకాలు రాస్తున్న రోజుల్లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ కడుపు పొర ముక్కల్లో మెలితిరిగిన సూక్ష్మజీవుల్ని చూశాడు. వాటిని పెంచాలని బ్యారీ మార్షల్‌తో కలిసి చేసిన ప్రయత్నాలు వరుసగా విఫలమయ్యాయి. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల పళ్లేలను ఎవరూ తీసి పారేయక మామూలుకన్నా ఎక్కువ రోజులు ఉండిపోయాయి, వాటిలో సూక్ష్మజీవులు మొలిచాయి. అవి నిదానంగా పెరిగే జాతి, అంతకుముందు తొందరపడి పారేస్తున్నారు. 1984లో మార్షల్ వాటిని కలిపిన ద్రవాన్ని తానే తాగి, కొద్దిరోజుల్లో కడుపు పొరలో వాపు తెచ్చుకున్నాడు. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ సూక్ష్మజీవి నడిపే దారిని పెలాయో కొరియా అనే పాథాలజిస్టు మెట్లు మెట్లుగా వివరించాడు. మొదట వాపు. ఏళ్లు గడిచేకొద్దీ కడుపు గ్రంథులు సన్నగిల్లిపోతాయి. తర్వాత కడుపు పొర తన రూపం వదిలి పేగు పొరలా మారుతుంది. ఆపైన కణాల ఆకారం చెడుతుంది. చివరి మెట్టు క్యాన్సర్. ఇన్ని మెట్లు దిగడానికి దశాబ్దాలు పడుతుంది, చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. చైనాలో 1,630 మందిపై జరిగిన ఒక ప్రయోగం 2004లో తేల్చిన విషయం ఈ మెట్ల లెక్కను బలపరిచింది. సూక్ష్మజీవిని మందులతో తొలగిస్తే, ముదిరిన మార్పులు అప్పటికి రానివాళ్లలోనే క్యాన్సర్ తగ్గింది. కింది మెట్లు దిగిపోయినవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. పుండుకు కారణాన్ని తీసేసినా పుండు తన దారిన తాను నడిచే దశ ఒకటి ఉందన్నమాట.

ఊళ్లకు ఊళ్లనే చికిత్సకు ఎంచుకున్నప్పుడు ఏమైంది? తైవాన్‌కు చెందిన మాట్సు దీవుల్లో 2004 నుంచి అందరికీ పరీక్ష చేసి మందులిచ్చారు. అంతకుముందు సంవత్సరాలతో పోలిస్తే కడుపు క్యాన్సర్ 53 శాతం తగ్గింది. చైనాలోని లిన్‌చూ కౌంటీలో 980 గ్రామాల్లో 1,80,284 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. అక్కడ పూర్తి చికిత్స పొందినవాళ్లలో తగ్గుదల 14 శాతం, సూక్ష్మజీవి నిజంగా తొలగిపోయినవాళ్లలో 19 శాతం. ఈ రెండింటిలో చిన్న అంకెకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. మాట్సులో పోలిక గడిచిన కాలంతో. అదే కాలంలో జనం తిండి, ఉప్పు వాడకం కూడా మారి ఉండొచ్చు. లిన్‌చూలో గ్రామాలను చీటీలు తీసినట్టు విడదీసి, పక్కపక్కనే పోల్చారు. అంకె చిన్నదైనా అక్కడ సాక్ష్యం గట్టిది.

మరి మన సంగతి? భారతదేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ సూక్ష్మజీవిని మోస్తున్నారు. అయినా దేశంలో చాలాచోట్ల కడుపు క్యాన్సర్ తక్కువే. మిజోరం మాత్రం వేరు. ఐజ్వాల్‌లో కడుపు క్యాన్సర్ రేటు దేశంలోనే అందరికన్నా ఎక్కువ. అక్కడ పొగబెట్టిన మాంసం, పులియబెట్టిన పంది కొవ్వు, పొగాకు పొగను నీళ్లలోకి పట్టి పుక్కిలించే తుయిబర్ అనే అలవాటు ఉన్నాయి. సూక్ష్మజీవి రెండు చోట్లా ఉంది, పంట ఒకచోటే పండింది. దాని రకాల్లో కాగ్ ఏ అనే విషప్రోటీన్ ఉన్నవి, లేనివి ఉన్నాయి. మనిషి జన్యువులు, తినే ఉప్పు, తాగే పొగ, చిన్నప్పుడే సోకిందా పెద్దయ్యాక సోకిందా అన్నవీ కలుస్తాయి. అందుకే చైనాలో చేసినట్టు మన దగ్గర కూడా అందరికీ మందులివ్వాలనడం నాకు తొందరపాటుగా తోస్తుంది. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు మన దగ్గర ఇప్పటికే ఎక్కువ. కానీ ఇంకో పొరపాటు ఇంతకన్నా మామూలుగా జరుగుతోంది. కడుపులో ఏమైనా గ్యాస్ అనేసి, మందుల షాపులో గ్యాస్ మాత్ర కొనుక్కుని ఏళ్లు గడిపేస్తాం. రక్తం తగ్గుతున్నా, బరువు తగ్గుతున్నా, నల్లటి విరేచనాలవుతున్నా మాత్ర మింగుతూ కూర్చోవడం మానుకుని ఎండోస్కోపీ చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ సూక్ష్మజీవికి పరీక్ష చేయించమని డాక్టరును మనమే అడగాలి.

కాలేయం కథ దీనికన్నా సూటిగా ఉంటుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి కాలేయాన్ని వాపుతో కాల్చి, మచ్చలు కట్టించి, క్యాన్సర్ వైపు నడుపుతాయి. బి వైరస్ తన డీఎన్‌ఏను మన డీఎన్‌ఏలో అతికించి ఇంకో దెబ్బ కూడా తీస్తుంది. దీనికి టీకా ఉంది, తైవాన్‌లో పిల్లలకు టీకా వేయడం మొదలుపెట్టాక ఆ తరంలో కాలేయ క్యాన్సర్ తగ్గింది. ఈశాన్య థాయిలాండ్‌లో పచ్చి చేపతో చేసే వంటకాల ద్వారా లోపలికి చేరే ఒక పురుగు పిత్తనాళంలో కాపురం పెట్టి అక్కడ క్యాన్సర్ తెస్తుంది. 2018లో ప్రపంచం మొత్తమ్మీద కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో 22 లక్షలు, అంటే దాదాపు 13 శాతం, ఇలా ఏదో ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చినవేనని అంచనా. అందులో పైలోరి వాటా 8 లక్షలకు పైనే. అయితే ఈ జాబితాలో ఉన్న అన్నిటికీ వాపే దారి అనుకోకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే పాపిలోమా వైరస్ ప్రధానంగా తన సొంత ప్రోటీన్లతో కణాన్ని చెడగొడుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్కొక్క దొంగ కథలు. పెద్దపేగులోకి దిగితే పరిస్థితి మారిపోతుంది. అక్కడ ఉండేది ఊరంత జనం. ఒక మామూలు మనిషి ఒంట్లో 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో లెక్కగట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. అంతకుముందు అందరూ చెబుతూ వచ్చిన పదికి ఒకటి అనే లెక్క తప్పని ఆ పని తేల్చింది. ఈ బాక్టీరియా దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి. వాటికీ మన రక్తానికీ మధ్య ఉన్నది ఒక వరస కణాలు, దాని మీద జిగురు పొర. ఆ జిగురు ఉన్నంతవరకు ఇరుగుపొరుగు సజావుగా సాగుతుంది. అది చిరిగితే తెల్ల రక్తకణాలకు రోజూ యుద్ధమే.

అల్సరేటివ్ కోలైటిస్ అనే జబ్బులో జరిగేది అదే. పెద్దపేగు లోపలి పొర ఏళ్ల తరబడి పూసిపోయి, రక్తం, జిగట పడుతుంటాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో పదేళ్లకు 2 శాతం మందికి, ఇరవై ఏళ్లకు 8 శాతానికి, ముప్పై ఏళ్లకు 18 శాతానికి పెద్దపేగు క్యాన్సర్ వస్తుందని 2001లో ఒక సంకలన అధ్యయనం చెప్పింది. మందులు మెరుగుపడి, క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయడం మొదలయ్యాక వచ్చిన లెక్కలు ఇంతకన్నా తక్కువగా ఉన్నాయి. వాపు అణిగితే ముప్పు తగ్గుతుందన్నదానికి మనుషుల్లో ఇది మంచి సాక్ష్యం. ఒకప్పుడు పాశ్చాత్యుల జబ్బు అనుకున్న ఈ పేగు వాపు ఇప్పుడు తెలంగాణ పల్లెల నుంచి వచ్చే రోగుల్లోనూ పట్నం వాళ్లతో సమానంగా కనిపిస్తోందని హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు నివేదించారు. విరేచనంలో రక్తం కనిపిస్తే మొలలు అనుకుని సరిపెట్టుకునే అలవాటు మనకుంది. దాన్ని వదులుకోవాల్సిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది.

వాపు ఒక్కటే చాలా, సూక్ష్మజీవి కూడా కావాలా? 2012లో వచ్చిన ఒక ప్రయోగం ఈ ప్రశ్నను ఎంత శుభ్రంగా విడదీసిందో చూడండి. పేగు వాపు సులువుగా వచ్చే ఎలుకల్ని ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచి, కొన్నిటికి ఎంటెరోకాకస్ అనే బాక్టీరియాను, కొన్నిటికి ఒక రకం ఈ. కోలైని ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ వాపు వచ్చింది. కణితులు మాత్రం ఈ. కోలై గుంపులోనే విరివిగా వచ్చాయి. ఆ ఈ. కోలై కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది డీఎన్‌ఏ పోగుల్ని ఒకదానికొకటి కుట్టేస్తుంది. విషం తయారీ జన్యువుల్ని తీసేసి అదే ఈ. కోలైని మళ్లీ ఇస్తే వాపు అంతే ఉంది, కణితులు తగ్గాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, సరిగ్గా అది. వాపు పొరను చీల్చి దారి ఇచ్చింది, దెబ్బ విషం కొట్టింది. నాకు తెలిసినంతలో ఈ రంగంలో ఇంత అందమైన ప్రయోగం ఇంకొకటి లేదు. తీసేస్తే తగ్గిందా అన్న ప్రశ్నను అది జన్యువు స్థాయిలో అడిగి జవాబు రాబట్టింది.

2020లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాల దీన్ని మనిషి కణాల దాకా తెచ్చింది. పళ్లెంలో పెంచిన బుల్లి పేగుముక్కల్ని అయిదు నెలల పాటు ఆ ఈ. కోలైకి గురిచేసి, తర్వాత వాటి డీఎన్‌ఏ మొత్తం చదివారు. ప్రతి విషమూ డీఎన్‌ఏ మీద తనదైన వేలిముద్ర వదులుతుంది. పొగాకుది ఒక తీరు, ఎండది ఒక తీరు. కోలిబాక్టిన్ వేలిముద్ర దొరికింది, అదే ముద్ర కొందరు పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణితుల్లోనూ కనిపించింది. దొంగ వెళ్లిపోయినా వేలిముద్ర మిగులుతుంది కాబట్టి ఈ రంగానికి ఇది పెద్ద ఆధారం.

ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం సంగతి ఇంత తేటగా లేదు. ఇది నోటిలో, పంటి చిగుళ్ల దగ్గర ఉండే బాక్టీరియా. బోస్టన్‌లో ఒక బృందం, వాంకూవర్‌లో ఒక బృందం విడివిడిగా పనిచేసి, పెద్దపేగు కణితుల్లో ఇది పక్కనున్న మంచి పొరలో కన్నా ఎక్కువగా ఉందని 2012లో ఒకేసారి ప్రచురించాయి. 2017లో ఇంకో వింత బయటపడింది. క్యాన్సర్ పేగు నుంచి కాలేయానికి పాకినప్పుడు ఈ బాక్టీరియా కూడా కణితి వెంట వెళ్తోంది. అలాంటి కణితుల్ని ఎలుకల్లో నాటి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే బాక్టీరియా తగ్గింది, కణితి పెరుగుదలా మందగించింది. 2024లో ఈ జాతిలో ఒక శాఖే కణితుల్లో ఎక్కువగా దొరుకుతోందని, కడుపు ఆమ్లాన్ని తట్టుకునే సామర్థ్యం దానికి ఉందని తేలింది. ఇవన్నీ గట్టి పరిశీలనలే. అయినా మనిషిలో దీన్ని తీసేస్తే పెద్దపేగు క్యాన్సర్ తగ్గిందని చూపిన ప్రయోగం లేదు. కణితిలో ఆక్సిజన్ తక్కువ, ఈ బాక్టీరియాకు అదే ఇష్టం. పుండు మీద వాలిన ఈగ పుండును తేలేదు, కానీ పుండును చెడగొట్టగలదు. ఫ్యూసోబాక్టీరియంను ప్రస్తుతానికి నేను ఆ ఈగ వరసలోనే ఉంచుతాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఫిబిగర్ కథ పాతబడలేదు. దాదాపు అన్ని రకాల కణితుల్లోనూ వాటికే ప్రత్యేకమైన సూక్ష్మజీవుల జాడ ఉందని, రక్త పరీక్షతో క్యాన్సర్‌ను పట్టొచ్చని 2020లో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. ఇతరులు ఆ లెక్కల్ని తిరిగి చూసినప్పుడు, సూక్ష్మజీవులవి అనుకున్న డీఎన్‌ఏ ముక్కల్లో చాలావరకు మనిషివేనని, అంకెల్ని సరిచేసే పద్ధతే లేని తేడాలను పుట్టించిందని బయటపడింది. 2024లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. తప్పు బయటపడటం శాస్త్రానికి మేలే. ఈలోగా దాని మీద ఆధారపడి ఎన్ని వ్యాసాలు, ఎన్ని ఆశలు పుట్టాయో తలచుకుంటే మాత్రం బాధగా ఉంటుంది.

తిండి దగ్గరికి వస్తే ఉల్లి నుంచి మొదలుపెట్టవచ్చు. అందులో ఉన్నలాంటి, మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగుకు చేరి అక్కడి బాక్టీరియాకు ఆహారమవుతుంది. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ఇష్టమైన ఇంధనం అదే, వాపును అణచేదీ అదే. కొవ్వు ఎక్కువ తింటే కాలేయం పిత్తరసం ఎక్కువగా వదులుతుంది, దాన్ని కొన్ని బాక్టీరియా డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది డీఎన్‌ఏకు చేటు చేస్తుంది. 2015లో అచ్చయిన ఒక ప్రయోగంలో పిట్స్‌బర్గ్‌లోని ఇరవై మంది ఆఫ్రికన్ అమెరికన్లు, దక్షిణాఫ్రికా పల్లెల్లోని ఇరవై మంది రెండు వారాల పాటు తిండి మార్చుకున్నారు. మొక్కజొన్న, చిక్కుళ్లు తినే పల్లెవాళ్లకు బర్గర్లు, వేపుళ్లు పెట్టారు. అమెరికన్లకు రోజుకు 55 గ్రాముల పీచు పెట్టారు. రెండే వారాల్లో అమెరికన్ల పేగు పొరలో వాపు, కణాల విభజన వేగం తగ్గాయి, పల్లెవాళ్లలో పెరిగాయి. రెండు వారాల కొలతల నుంచి ముప్పై ఏళ్ల తర్వాతి క్యాన్సర్ గురించి తీర్పు చెప్పలేం. కానీ పేగులోని జనం ఎంత త్వరగా తిండికి స్పందిస్తారో తెలిసింది. జొన్నరొట్టె, రాగిసంకటి, పప్పు, ఆకుకూర తిన్న ఊళ్లలో ఇప్పుడు మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, సాయంత్రం నూనెలో వేగినవి తింటున్నాం. ఈ మార్పు మన పేగుల్లో ఏం చేస్తోందో కొలవగల సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఆ పని పెద్ద ఎత్తున జరగాలని నా కోరిక.

వాపును మందుతో అణిచేస్తే సరిపోదా? లించ్ సిండ్రోమ్ అనే, పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచే వంశపారంపర్య లోపం ఉన్న 861 మందిలో కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు ఆస్పిరిన్ ఇచ్చారు. పదేళ్లకు పైగా గమనిస్తే పెద్దపేగు క్యాన్సర్ ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో 9 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 13 శాతం మందికి వచ్చింది. ఇది చదివి అందరూ ఆస్పిరిన్ మొదలుపెట్టేలోపు రెండో కథ వినాలి. ఆరోగ్యంగా ఉన్న 19,114 మంది వృద్ధులతో చేసిన ప్రయోగంలో చిన్న మోతాదు ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలోనే క్యాన్సర్ మరణాలు ఎక్కువని 2018లో తేలింది. 10,061 మంది గుండె రోగులకు, వాపును రాజేసే ఇంటర్‌ల్యూకిన్ 1 బీటాను అడ్డుకునే మందు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గిందని 2017లో వచ్చిన వార్త ఎంతో ఆశ రేపింది. అదే మందును ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లకు చికిత్సగా ఇచ్చినప్పుడు మాత్రం పని చేయలేదు. వాపు ఏ దశలో ఉందో, కణితి ఏ మెట్టు మీద ఉందో చూడకుండా అణచడం వల్ల ఫలితం రాదని ఇవి చెబుతున్నాయి.

పసుపు గురించి అడగని తెలుగు ఇల్లు ఉండదు కాబట్టి ఆ మాటా చెప్పాలి. పసుపులో కర్కుమిన్ కొద్ది శాతమే. పళ్లెంలోని కణాల మీద అది ఎన్ఎఫ్ కప్పా బిని అణచేస్తుంది. మింగితే రక్తంలోకి చేరేది అత్యల్పం. అప్పటికి 120కి పైగా క్లినికల్ ప్రయోగాలు జరిగినా, కట్టుదిట్టంగా చేసిన వాటిలో ఒక్కటీ విజయం సాధించలేదని 2017లో ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు సమీక్షించి చెప్పారు. కూరలో పసుపు వేసుకుందాం. క్యాన్సర్ చికిత్స ఆపి పసుపు మాత్రలు మింగమనే మాట మాత్రం ప్రాణాలు తీసే మాట.

ఇదే పేగు జనం చికిత్సకు తోడు నిలిచే కథ కూడా ఉంది. 2018లో మూడు బృందాలు, రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందులు ఎవరికి పని చేస్తాయో పేగు బాక్టీరియాను బట్టి తేడా కనిపిస్తోందని ఒకేసారి చెప్పాయి. 2021లో ఇజ్రాయెల్‌లో 10 మంది, పిట్స్‌బర్గ్‌లో 15 మంది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులకు, ఆ మందులతో బాగుపడ్డవాళ్ల మలం నుంచి తీసిన సూక్ష్మజీవుల్ని ఎక్కించారు. వీళ్లందరికీ అంతకుముందు మందు పని చేయలేదు. ఎక్కించాక ఇజ్రాయెల్‌లో ముగ్గురికి, పిట్స్‌బర్గ్‌లో ఆరుగురికి మేలు జరిగింది. చిన్న అంకెలే, పోల్చడానికి ఇంకో గుంపు కూడా లేదు. అయినా ఇచ్చి చూశారు కాబట్టి దీనికి బరువుంది. చిక్కేమిటంటే మేలు చేసే బాక్టీరియా ఏదో ఒక్కో బృందం ఒక్కో పేరు చెబుతోంది. అదే 2021లో వచ్చిన మరో అధ్యయనంలో పీచు ఎక్కువ తిన్న రోగులకు మందు మెరుగ్గా పనిచేసింది, షాపులో దొరికే ప్రోబయాటిక్ మాత్రలు వాడినవాళ్లకు ఆ లాభం కనిపించలేదు. మలం నమూనా పంపితే పేగు ఆరోగ్యానికి మార్కులు వేస్తామనే పరీక్షలు ఇప్పుడు మన నగరాల్లోనూ అమ్ముతున్నారు. ఆ మార్కులను బట్టి క్యాన్సర్ ముప్పు చెప్పే శాస్త్రం ఇంకా పుట్టలేదు. ఆ డబ్బుతో నలభై అయిదు దాటినవాళ్లు మలంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో చూసే పరీక్ష చేయించుకుంటే అంతకన్నా ఎన్నో రెట్లు మేలు.

ఇక అన్నిటికన్నా నన్ను వెంటాడుతున్న పరిశోధన 2025లో వచ్చింది. చాలా దేశాల్లో యాభై లోపు వాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ పెరుగుతోంది, ఎందుకో తెలియక వైద్యులు తలలు పట్టుకుంటున్నారు. 11 దేశాల నుంచి 981 మంది కణితుల డీఎన్‌ఏ మొత్తం చదివిన బృందం కోలిబాక్టిన్ వేలిముద్రల కోసం వెతికింది. నలభై లోపు జబ్బుపడ్డవాళ్లలో ఆ ముద్రలు డెబ్బై దాటిన రోగుల్లో కన్నా 3.3 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఆ ముద్రలు కణితి చరిత్రలో ఏ దశలో పడ్డాయో లెక్క కడితే, బహుశా పదేళ్ల లోపు వయసులోనే పడి ఉంటాయని తేలింది. బడికి పోయే పిల్ల పేగులో ఒక ఈ. కోలై కొన్నాళ్లు ఉండి, గుర్తు పెట్టి వెళ్లిపోయింది. అప్పుడు ఏ నొప్పీ లేదు, ఏ వాపూ ఎవరికీ కనిపించలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆమె మలాన్ని ఎంత పరీక్షించినా ఆ బాక్టీరియా దొరకకపోవచ్చు. దొరికేది కణితిలోని అక్షరాల మార్పు ఒక్కటే. అందుకే ఇప్పుడు కొందరు పరిశోధకులు రోగుల్ని వదిలి పసిపిల్లల దగ్గరికి వెళ్తున్నారు. ఏ తిండి, ఏ మందు, ఏ పుట్టుక తీరు ఆ ఈ. కోలైకి చోటిస్తోందో చూడటానికి అమ్మల దగ్గర కూర్చుని డైపర్ల నుంచి నమూనాలు సేకరిస్తున్నారు.